పెట్టె ఎత్తని పహిల్వాన్

బొగ్గింజను రోజులవి. డోర్నకల్‌లో వరంగల్ పాసింజరు ఎక్కిన ఒక పహిల్వాన్ తన ట్రంకుపెట్టెను కూలీ చేత పైకి పెట్టించుకున్నాడు. ఎదురుగా, నా పక్కన కూర్చున్న ముసలమ్మ ఊరుకోలేదు.

"గింత ఒడ్డుపొడుగు ఉన్నవ్, పెట్టె లేపరాదా బిడ్డా?"

"రేపు పోటీ ఉన్నది అవ్వా. బల్ల మీద పండుకొని బరువు పైకి నెట్టాలె. ఈ వారమంతా చేతులకు రెస్టు" అని నవ్వాడతను.

నాకు నవ్వు రాలేదు. విరిగిన నా కుడిచెయ్యి అతికిందని దవాఖానలో చెప్పారు గానీ బలం రాలేదు. శ్రావణంలో నా చేతులతోనే బోనం తలకెత్తుకుంటానని పోచమ్మకు మొక్కుకున్నాను. రోజూ నిండు బిందె ఎత్తబోయి ఓడిపోతున్నానని అతనికి చెప్పాను.

"రోజూ పరీక్షనే పెడితే సదువుడు ఎప్పుడక్కా? మొదటి నెల పావు బిందె, ఎక్కువసార్లు లేపు. రెండో నెల సగం, జర తక్కువసార్లు. మూడో నెల నిండుది, రెండు మూడుసార్లే. బోనాల ముందు వారం ముట్టనే ముట్టకు. ఫికర్ వద్దు."

ఇంట్లోనే అక్షరాలు నేర్చిన నేను ఏనాడూ పరీక్ష రాయలేదు. అయినా ఆ మాట నాటుకుంది. అలాగే చేశాను. ఆఖరి వారం ఊరికే ఉండటమే కష్టమైంది. రెండుసార్లు బిందె దాకా వెళ్లి, అమ్మవారిని తలచుకుని వెనక్కి వచ్చాను.

బోనాల రోజు సాయానికి ఆడబిడ్డ చేతులు చాపింది.

"జర జరుగు వదినె" అన్నాను.

బోనం ఒక్క ఊపున తలమీదికి వచ్చింది. పైనున్న దీపం ఆరలేదు. డప్పులు ఒక్కసారిగా అందుకున్నాయి.

అతను పోటీలో గెలిచాడో లేదో తెలియదు. పేరూ తెలియదు. ఏటా బోనం దించాక, "పెట్టె ఎత్తని మా తమ్ముణ్ణి చల్లగా చూడు తల్లీ" అని దండం పెడతాను. పోచమ్మకు ఆ గుర్తు చాలు.