కిటికీలో నిండు కప్పు

మా టర్కిష్ సార్ పోయారు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే ఆయన భార్య ఫోన్ చేశారు. "సార్ లేడమ్మా. నిద్రల్నే పోయిండు. పిల్లలకు నువ్వే చెప్పు," అన్నారు. పిల్లలంటే ఆయన విద్యార్థులం. ఆ పిల్లల్లో నా వయసు నలభై రెండు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ దొరకని చదువు లేదు. అన్ని బోర్డుల మధ్య, ఒక మెస్ పైగదికి "టర్కిష్ నేర్పబడును" అని చిన్న రేకు తగిలించిన మనిషి మాత్రం మా సారొక్కరే. నల్గొండ పల్లె నుంచి గల్ఫ్ వెళ్లి, టర్కీ వాళ్ల కంపెనీలో ఇరవై ఏళ్లు క్రేన్ నడిపారు. భాష అక్కడే పట్టుబడింది. ఆ రేకు చూపించి, "మనకు గీ 'బడును' బోర్డుల మీదనే ఉంటది. వాళ్లకు నోట్లనే ఉంటది," అని నవ్వేవారు.

నేను సరదాకి చేరలేదు. పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఒక బిస్కెట్ ఫ్యాక్టరీలో నాది కాంట్రాక్టు ఉద్యోగం. టర్కీ నుంచి ప్యాకింగ్ మెషిన్ వస్తోంది. అక్కడి ఇంజనీరు వీడియో కాల్‌లో చూస్తూ బిగింపిస్తాడు, అతనికి ఇంగ్లిష్ రాదు. "మాట్లాడగలిగితే పర్మనెంట్ చేస్త. లేకుంటే ఇగ నీ ఇష్టం," అన్నాడు మేనేజర్. పాల ముంచినా నీట ముంచినా సారే దిక్కయ్యారు.

సార్ క్లాసు భలే గమ్మత్తు. మేం మెట్లెక్కేలోగా గదిలో ఏవేవో చేసి కూర్చునేవారు. గుమ్మంలో నిలబడి, జరిగినవన్నీ మేం చెప్పాలి. కిటికీ తెరిచి ఉంటే "పెంజెరె అచిల్ది". పేపర్ చదివి మడిచి ఉంటే "గజెతె ఒకుందు". మన 'బడు'కి బదులు మామూలుగా క్రియకి "ఇల్" తగిలించాలి, అచ్చుతో ముగిసేదానికి "న్". మేం "ఎవరు తెరిచారు సార్?" అంటే కసురుకునేవారు. "ఎవలైతే నీకేంది? ఏమైందో చెప్పు!"

మొదటిరోజు నేను ఇంట్లో బట్టీపట్టి వచ్చాను. కిటికీలో కప్పు కనబడగానే "చాయ్ ఇచిల్ది," అని గడగడా అప్పజెప్పాను. టీ తాగేశారని. సార్ కప్పు తెచ్చి నా ముక్కు కింద పెట్టారు. నిండా ఉంది!

"చూడకుంటనే తాగేసినవు గదా బిడ్డా! ముందు కన్ను, ఎనక నోరు."

అందరూ గొల్లున నవ్వారు. వనస్థలిపురం బస్సు దిగేదాకా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. అప్పట్నుంచి మూడు నెలలు కిటికీలో కప్పు తప్పలేదు, ఒకరోజు నిండుగా, ఒకరోజు ఖాళీగా. నేను దగ్గరికెళ్లి తొంగిచూడకుండా నోరు విప్పలేదు.

మెషిన్ రోజు రానే వచ్చింది. ఇంజనీరు ఒక్కొక్కటే అడుగుతున్నాడు. నూనె పోశారా? పోశారు. మూత వేశారా? వేశారు. "సికిల్ది మి?" అన్నాడు. కింది బోల్టులు బిగించారా అని. మేనేజర్ నా చెవిలో, "అన్నీ అయినయని చెప్పు, లేటైతంది," అన్నాడు. నేను చీర కుచ్చిళ్లు దోపుకుని మెషిన్ కింద తల పెట్టాను. రెండు బోల్టులు వేళ్లతోనే తిరిగిపోతున్నాయి.

"సికిల్మది," అన్నాను గట్టిగా. బిగించలేదని.

మేనేజర్ ముఖం మాడిపోయింది. ఇంజనీరు మాత్రం అన్నీ ఆపించి, బోల్టులు బిగింపించాకే స్విచ్ వేయమన్నాడు. అలాగే నడిపి ఉంటే బెల్టు తెగి ఎవరి చెయ్యో పోయేదట. మొదటి ప్యాకెట్ బయటికి రాగానే షెడ్డంతా చప్పట్లు! మేనేజరే దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు, పర్మనెంట్ ఆర్డరు ఆ వారంలోనే వచ్చింది. ఆ ప్యాకెట్ పట్టుకుని ఎకాఎకి సార్ దగ్గరికి పరిగెత్తాను. నా జన్మలో అంత గర్వం ఎరగను. ఆయన బిస్కెట్ టీలో ముంచుకుని తింటూ, "ఇంజనీరుకంటే ముందు నువ్వు చూసినవ్," అన్నారు. ఆ మాట ముందు ఆర్డరు కాగితం ఏపాటిది?

దినాలయ్యాక మేడం గది తాళం నాకిచ్చారు. "బ్యాచ్ సగంల ఉన్నది. ఆపితే ఆయనకు నచ్చది," అన్నారు.

మొన్న ఆదివారం అరగంట ముందే వెళ్లాను. కిటికీ తెరిచాను. పేపర్ చదివి మడిచాను. మెస్‌లోంచి టీ తెప్పించి కప్పులో పోసి కిటికీలో పెట్టేసరికి ఏడుపాగలేదు. కళ్లు తుడుచుకుని సార్ కుర్చీ పక్కన నిలబడ్డాను.

మన్సూరాబాద్ నుంచి వచ్చే నర్సింగ్ అమ్మాయి ముందుగా వచ్చింది. సార్ పోవడానికి వారం ముందే చేరింది. గుమ్మంలోంచే "పెంజెరె అచిల్ది, గజెతె ఒకుందు, చాయ్..." అంటూ అందుకుని, ఆగిపోయింది. చెప్పులు విడిచి, గది దాటి, కిటికీ దగ్గరికెళ్లి కప్పులోకి వంగి చూసింది.

"ఇచిల్మెది అక్కా!" అని అరిచింది, కింద మెస్‌లోకి వినబడేలా. ఇంకా తాగలేదని. ఆమె ముఖం కింద కప్పు నిండుగా పొగలు కక్కుతోంది.