వాకర్‌కు రెండు చెంబులు

1983లో నేను నంద్యాలలో ఒక ఎముకల ఆస్పత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా చేరాను. ఆ పేరు పలకలేక జనం నన్ను 'నడిపించే మేడం' అనేవారు. మా నాయన గడివేములలో బడి పంతులు. ఆదివారం చర్చి అయిపోయాక ఎవరైనా "మీ పాప డాక్టరా, నర్సా?" అని అడిగితే రెండూ కాదని చెప్పడం ఇష్టంలేక నవ్వి ఊరుకునేవాడు. విరిగిన ఎముకను అతికించేది డాక్టరు. కాళ్లకూ చేతులకూ కసరత్తు చేయించేది ఫిజియోథెరపిస్టు. ఆ మనిషి ఇంటికి పోయాక లేచి, కూర్చుని, స్నానం చేసి, తన పనులు తాను చేసుకునేట్టు చూడటం మా పని. వినడానికి చిన్నగానే ఉంటుంది.

ఆ ఏడాది మా పెద్ద డాక్టరుగారు ఒక పరిశోధన మొదలుపెట్టారు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్న ముసలివాళ్లలో కొందరు ఇంటికి పోయిన కొన్నాళ్లకే మళ్లీ పడేవారు. ఎక్కడ పడుతున్నారు, ఎందుకు పడుతున్నారు, ఇంట్లో ఏం మారిస్తే పడకుండా ఉంటారు, ఇదీ ఆయన తెలుసుకోవాలనుకున్నది. దానికోసం సైక్లోస్టైల్ చేసిన నాలుగు పేజీల ఫారం ఒకటి తయారైంది. డిశ్చార్జి అయిన నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు నేను వాళ్ల ఇంటికి పోయి దాన్ని నింపాలి. దీన్ని హోమ్ విజిట్ అంటారు. మెట్ల ఎత్తు ఎంత, వెలుతురు ఉందా, నేల జారుతుందా, స్నానం తనే చేస్తుందా, అవును, కాదు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ఆ ఫారంలో పట్టని సంగతి ఏ ఇంట్లోనూ ఉండదని నా నమ్మకం.

లక్షుమ్మది ఆళ్లగడ్డ. డెబ్బై దాటిన మనిషి. భర్త పోయి చాలా ఏళ్లయింది. కొడుకు ఓబులేసు, కోడలు సరోజ సేద్యం చేసుకుంటూ ఆమెను బాగానే చూసుకునేవారు. దూడ తాడు కాలికి చుట్టుకుని పడింది. ఆపరేషన్ అయ్యాక నా చేతికి వచ్చింది. నా ఉద్యోగంలో అంత మంచి విద్యార్థిని మళ్లీ చూడలేదు. మా వెల్డరు ఇనుప గొట్టాలతో చేసిన నాలుగు కాళ్ల చట్రం ఉండేది, అదే వాకర్. దాన్ని ముందుకు పెట్టి, తర్వాత దెబ్బ తగిలిన కాలు, తర్వాత మంచి కాలు. మూడోరోజుకే నేర్చుకుని పక్క మంచం ఆమెకు చెప్పడం మొదలుపెట్టింది.

"నువ్వు కాలు ముందరేసి దాన్ని ఎనకాల ఈడ్చుకుంటాండావ్. అది నీ బర్రె గాదు," అనేది.

నాలుగు వారాలకు ఇంటికి పంపాం. వాకర్ ఆస్పత్రిదే, అవసరం తీరాక తిరిగి ఇవ్వాలి. నెలకు నేను ఆళ్లగడ్డ పోయేసరికి మధ్యాహ్నం రెండయింది. ఇల్లంతా నున్నటి నాపరాళ్లు. వెనక వసారాలో ఓ మూల నీళ్లు పోసుకునే బండ, దాని పక్కన నేను చెప్పినట్టే గోడకు పట్టుకునే గొట్టం బిగించారు. లక్షుమ్మ వాకర్‌తో ఇల్లంతా తిరిగి చూపించింది. అన్ని ప్రశ్నలకూ 'అవును' రాశాను. కింద 'సురక్షితం' అని రాసి, సరోజ ఇచ్చిన బొరుగులు తిని, ఉత్సాహంగా బస్సెక్కాను.

రెండు నెలలు తిరిగేసరికి ఓబులేసు ఆమెను జీపులో నంద్యాలకు తీసుకొచ్చాడు. నేను గుర్తుపట్టలేదు. బుగ్గలు లోపలికి పోయి, మెడ ఎముకలు బయటపడి ఉన్నాయి.

"మళ్లా పడింది మేడం. ఎముకకేం కాలే. కానీ అప్పట్నుంచి బువ్వ తినడంలే. కడుపులో ఏమన్నా ఉండాదేమో సూడండి," అన్నాడు.

డాక్టరుగారు కడుపు చూశారు, రక్తం చూశారు, ఏమీ కనపడలేదు. నేను పక్కన కూర్చుని అడిగాను. "పడినప్పుడు వాకర్ పట్టుకుని ఉన్నావా అవ్వా?" ఆమె కిటికీవైపు తిరిగింది. వాకర్ విరిగిందా, అరిగిందా, ఎన్ని విధాల అడిగినా మాట లేదు. నాకు కోపం వచ్చింది. నేర్పినవన్నీ గాలికి వదిలేసి ఇప్పుడు మూగనోము పట్టిందనుకున్నాను.

సరోజ నన్ను వరండాలోకి పిలిచింది. "పడినకాడినుంచి మా ఇంటాయన అత్తను బండకాడికి పోనియ్యడంలే మేడం. మంచం మీదనే తడిగుడ్డతో తుడుస్తాండ. నీళ్లు పోసుకోకుండా దీపం పెట్టదు. దీపం పెట్టకుండా తినదు. మేం బలవంతం చేస్తే రెండు ముద్దలు, అంతే."

"పడింది బండ మీదేనా?"

"బండ మీద గాదు. మీరు ఒకసారి పొద్దున ఏడుగంటలకు రాండి. మధ్యాన్నం వచ్చి సూస్తే ఏం తెలుస్తాది?"

ఆ ఆఖరి మాట నాకు తగలాల్సిన చోట తగిలింది. వాళ్లు ఇంటికి పోయిన మూడు రోజులకు మొదటి బస్సుకే బయలుదేరాను. ఓబులేసు ఆ ఒక్కరోజుకు ఒప్పుకున్నాడు. "మీరు దగ్గరుండారని ఒప్పుకుంటాండా. ఈసారి జారితే ఇంక మంచం దిగేది లే, చెప్తాండా," అన్నాడు. తల్లి మీద ప్రేమ లేక అన్న మాట కాదు. రెండోసారి పడినప్పుడు ఆమెను ఎత్తుకున్నది అతనే, ఆ భయం ఇంకా చేతుల్లో ఉంది.

సరోజ నీళ్లు పోసింది. లక్షుమ్మ గోడకున్న గొట్టం పట్టుకునే లేచింది. అంతవరకు నేను నేర్పినట్టే. బండ దిగి తడిచీరతో నిలబడింది. వాకర్ చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. దాన్ని చూడను కూడా చూడలేదు. బరువెక్కిన కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, నీళ్లు కారుతూ, ఆ నున్నటి రాళ్ల మీద నడవడం మొదలుపెట్టింది. దేవుని గూడు లోపలింట్లో ఉంది. పన్నెండు అడుగులు. నాలుగో అడుగుకు తూలింది. నేను గబుక్కున చెయ్యి చాపాను. ఆమె నా చేతినుంచి వెనక్కి ముడుచుకుంది. ఆ ముడుచుకోవడంలోనే పడబోయి, వాకిలి చట్రం పట్టుకుని నిలదొక్కుకుంది.

నేను అక్కడే నిలబడిపోయాను. నేనెవరో, మా తాతలు ఎవరో, ఊరి బయట ఏ వీధిలో ఉండేవాళ్లో ఆళ్లగడ్డలో ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. నాలుగు వారాలు ఆమె నడుం పట్టి లేపిన చేతులివి.

"నా చెయ్యి పట్టుకుంటే అంటు అవుతుందా అవ్వా? ఆస్పత్రిలో కాలేదే?"

ఆమె దీపం పెట్టి, దండం పెట్టుకుని, అప్పుడు తిరిగి చూసింది. "నీ చెయ్యని గాదు తల్లీ. నా కోడలి చెయ్యి గూడా పట్టుకోను, అడుగు. పెండ్లయినప్పటినుంచి అంతే. నీళ్లు పోసుకున్యాక దీపం పెట్టేదాంక దేన్నీ ముట్టను. ఆ ఇనప కాళ్లది ఆస్పత్రిది. దాన్ని ఎంతమంది పట్టుకున్యారో, ఎంతమంది పోయినారో. ముట్టుకుంటే మళ్లా పోసుకోవల్ల."

"ఆస్పత్రిలో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగల్యా."

ఓబులేసు వాకిట్లోనే ఉన్నాడు. "సూసినారు గదా మేడం. రేపటినుంచి మంచం మీదనే."

"మంచం మీదనే అయితే నాకు బువ్వ వద్దు నాయనా," అంది లక్షుమ్మ. అరవలేదు, ఏడవలేదు. మజ్జిగ వద్దన్నంత మామూలుగా అంది. ఓబులేసు తల పక్కకు తిప్పుకున్నాడు. ఆమె అన్నంత పనీ చేస్తుందని మా అందరికీ తెలుసు.

ఆమె నా చేతి గురించి చెప్పింది నిజమో, నన్ను నొప్పించకుండా అన్నదో అప్పుడు తేల్చుకోలేకపోయాను. కోపం సగమే దిగింది. కానీ ఆ క్షణంలో మా నాయన తల్లి, మా జేజి గుర్తొచ్చింది. బైబిలు తెరిచే ముందు చేతులు కడుక్కుని, ఆ తడిచేతులు గాల్లోనే ఆరబెట్టుకునేది. ఆ మధ్యలో మేం ముట్టుకుంటే మళ్లీ కడుక్కునేది. ఎందుకని మేమెవరం అడగలేదు. అది జేజి పద్ధతి, అంతే. నేను ఆమె పక్కన నేల మీద కూర్చుని, ఫారంలో లేని ప్రశ్న ఒకటి అడిగాను.

"పోనీ, ఏవి ముట్టుకోవచ్చు అవ్వా?"

"నీళ్లు పోసినవి. చెంబు. తడిపిన బట్ట. పొద్దున కడిగిన గడప."

"మరి వాకర్‌కు నీళ్లు పోస్తే?"

ఆమె వాకర్‌ను పైనుంచి కిందిదాకా చూసింది. దాని పిడులకు నేను ఆస్పత్రిలో మెత్తగా ఉండాలని పాతగుడ్డ చుట్టి ఉంచాను. "ఆ పీలికలు తీసెయ్యవల్ల," అంది. తీసేశాను. "నాతోపాటు పోయవల్ల. ముందరపోస్తే పనికిరాదు." సరే అన్నాను. ఇంకొంచెం ఆలోచించి, "దానికి రెండు చెంబులు చాలు," అని తేల్చింది.

సరోజ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఓబులేసు నవ్వలేదు. "తడి రాయి మీద దాని రబ్బరు జారదా?" అన్నాడు. మంచి ప్రశ్న, నేను అడగాల్సింది. దానికి ఉపాయం అతనే చూశాడు. ఆళ్లగడ్డలో రాతిపనివాళ్లకు కొదవా? మర్నాడే ఒకాయన ఉలి పట్టుకొచ్చి, రోటికి కక్కు కొట్టినట్టు బండ దగ్గర్నుంచి దేవుని గూడు దాకా మూరెడు వెడల్పున నేలను గరుకు చేశాడు. తడికుచ్చిళ్లు ఎత్తి నడుముకు దోపుకోవడం నేను నేర్పాను, రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. నేను ఆ వారం రెండుసార్లు పొద్దున్నే పోయాను. రెండోసారి లక్షుమ్మా వాకరూ కలిసి స్నానం చేసి, నీళ్లు కారుతూ పన్నెండు అడుగులు నడిచి, దీపం వెలిగించారు. తర్వాత ఆమె సంగటి, పప్పు తిని, మారు అడిగింది. ఓబులేసు ఆ ముద్ద పెట్టేదాకా అక్కడే నిలబడి, పెట్టాక చేనికి పోయాడు.

ఆస్పత్రికి వచ్చి ఫారం చివర పెన్నుతో ఒక ప్రశ్న చేర్చాను. 'ఏ వేళలో దేన్ని ముట్టుకోరు?' డాక్టరుగారు కళ్లజోడు పైకెత్తి "ఇదేం ప్రశ్నమ్మా?" అన్నారు. జరిగింది చెప్పాను. కొత్త ఫారాల్లో అది అచ్చయి వచ్చింది. ఆ తర్వాత నేను హోమ్ విజిట్‌కు మధ్యాహ్నాలు పోవడం మానేశాను. మనిషి పడే వేళకు పోవాలి. మా చర్చిలోనే ఒక రిటైరైన టీచరమ్మ, ఆదివారం ఆరాధనకు మాత్రం కర్ర లేకుండా నడిచేదని ఆ ప్రశ్న వల్లే బయటపడింది.

రెండేళ్లు గడిచాయి. లక్షుమ్మ వాకర్‌ను తిరిగి అడిగే ధైర్యం ఆస్పత్రిలో ఎవరికీ లేదు. దానికి శుక్రవారాలు పసుపు, కుంకుమ కూడా పెట్టేది. అయితే ఇనుము కదా, రోజూ స్నానం చేసి చేసి తుప్పు పట్టింది. 1985లో నేను మరో ఇంటి పని మీద ఆళ్లగడ్డ పోయి, ఆ పొద్దున అటు తొంగిచూశాను. ఒక కాలు విరిగి వాకర్ వెల్డింగుకు పోయి ఉంది. లక్షుమ్మ అప్పుడే స్నానం ముగించి, తడిచీరతో గోడ గొట్టం పట్టుకుని నిలబడి ఉంది. దూరంగా దేవుని గూడు.

"నేను పట్టుకుని మంచంకాడికి తీసకపోనా అత్తా, ఈ ఒక్కరోజుకు దీపం నేను పెడతా," అంటోంది సరోజ.

లక్షుమ్మ నన్ను చూసింది. "పొద్దున నీళ్లు పోసుకున్యావా?"

"పోసుకున్యా అవ్వా." ఆమె దగ్గర నాకూ మా ఇంటి మాటే వస్తుంది.

"చెయ్యి సాచు."

చాచాను. ఆమె వంగి, గంగాళంలో చెంబు ముంచి, మోచేతి దాకా నీళ్లు పోసింది. నాకు కొంచెం కోపం రావాలి. ఇప్పటికీ తల్చుకుంటే రావాలనే అనిపిస్తుంది. రాలేదు. యాభై ఏళ్లుగా ఆ పన్నెండు అడుగుల్లో ఏ మనిషినీ తాకని ఆమె, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్లనీళ్లతో నాకు నేల సరిగా కనపడలేదు, గరుకు రాళ్లు పాదాలకు తగులుతూ దారి చెప్పాయి.

గూటి ముందు అగ్గిపుల్ల గీయాల్సి వచ్చినా ఆమె నా చెయ్యి వదల్లేదు. రెండో చేత్తో అగ్గిపెట్టె పట్టుకుని, "పుల్ల నువ్వు గియ్యి," అంది.