ఎలుగుబంటి బస్సులో మా ఆయన సీటు

మా ఆయన బతికినన్నాళ్ళూ చచ్చిపోయినవాళ్ళకు సీట్లు ఇప్పించాడు. ఆయన పోయాక ఆయనకో సీటు ఇప్పించడానికి నేను ఆ స్టూడియో మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో, ఎవరెవరి ముందు చేతులు జోడించానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొదటినుంచి చెప్పకపోతే ఇది అర్థం కాదు. టీవీలో ఎలుగుబంటి బస్సు నడిపే బొమ్మల సీరియల్ ఒకటి వచ్చేది. మా అమ్మాయి పుట్టకముందు మొదలైంది. అమ్మాయికి పెళ్ళయి, పిల్ల పుట్టి, ఆ పిల్ల కూడా దాన్ని చూపిస్తే తప్ప ముద్ద మింగని వయసుకు వచ్చినా అది నడుస్తూనే ఉంది. ఎలుగుబంటి డ్రైవరు, కోడి కండక్టరు, దారిపొడవునా ఏదో ఒక తగాదా. చూసేవాళ్ళంతా వాటినే చూస్తారు. వెనకాల కిటికీల్లో కూర్చున్న మనుషుల్ని ఎవరు పట్టించుకుంటారు? మా ఆయన గీసేది ఆ మనుషుల్నే. అందుకే స్టూడియోలో ఆయన్ని కిటికీ మాస్టారు అనేవారు. పెళ్ళయిన కొత్తలో ఆ పేరు విని మా పిన్ని వడ్రంగి అనుకుంది. వంటింటి కిటికీ బిగుసుకుపోయింది, అల్లుడిని ఒకసారి చూడమని కబురు పెట్టింది. ఈ మహానుభావుడు కాదనలేక వెళ్ళి, రెక్క ఊడదీసి చేతికిచ్చి వచ్చాడు.

సీరియల్ మొదలైన కొన్నేళ్ళకు దానికి కథలు రాసే ఆయన ఉన్నట్టుండి పోయాడు. చివర్లో ఆయన పేరు వేసి నమస్కారం పెడదామంటే, పిల్లలు చూసేదాంట్లో చావు మాటేమిటని చానల్ వాళ్ళు ఒప్పుకోలేదు. మా ఆయన ఎవరితోనూ అనకుండా ఆ కథల ఆయన్ని బస్సులో కూర్చోబెట్టాడు. అగ్గిపెట్టెంత కిటికీలో మొహం పోలిక ఏం తెలుస్తుంది? పెన్నుతో వీపు గోక్కుంటూ కూర్చున్నాడు, అంతే. స్టూడియోలో ప్రతి ఒక్కరూ గుర్తుపట్టి గొల్లుమన్నారట.

అప్పటినుంచి అది ఆనవాయితీ అయింది. ఆ సీరియల్‌కు పనిచేసినవాళ్ళు ఎవరు పోయినా బస్సు ఎక్కుతారు. చప్పుళ్ళు చేసే అతను చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని ఉంటాడు. టీ ఇచ్చే ముసలాయన, ఎవరు పిలుస్తారోనని సీటు అంచుమీదే కూర్చుంటాడు. కోడికి గొంతు ఇచ్చిన ఆవిడ ఒళ్ళో సంచీని రెండు చేతులా వాటేసుకుని ఉంటుంది. ఆవిడ భర్తే స్టూడియో నడిపే పెద్దాయన. ఒకసారి ఎక్కినవాళ్ళు ఇక దిగరు. ప్రతి వారం బస్సు వాళ్ళందరితోనే వెళ్తుంది. ఎక్కేముందు ఆ ఇంటివాళ్ళకు కబురు అందేది. టీ ముసలాయన కూతురు ఆ కబురు విని, మా నాన్న చెప్పులు వేసుకునేవాడు కాదండీ అని చెప్పి పంపింది. బస్సులో కాళ్ళెక్కడ కనిపిస్తాయి? అయినా ఈయన ఆదివారం పూట కూర్చుని చెప్పులు తీసేసి మళ్ళీ గీశాడు. నీకేమైనా పిచ్చా అంటే, ఆ అమ్మాయి అడిగింది కదా అన్నాడు.

మనిషి మంచివాడే గాని నాకు మాత్రం భుజం అరగదీశాడు. నేను బట్టల కొట్టులో పనిచేసేదాన్ని. ఈయన స్టూడియో సిటీ బస్సు బయల్దేరే చోటే ఉండేది. నా కొట్టు దానికి రెండు స్టాపుల తర్వాత. సాయంత్రం ఆ బస్సు నా దగ్గరికి వచ్చేసరికి కాలు పెట్టే సందు ఉండదు. అందుకని ఈయన ముందే ఎక్కి, పక్క సీట్లో తన నీలం గళ్ళ రుమాలు వేసి, అడిగినవాళ్ళందరితో "మనిషి వస్తోంది" అంటూ తగవు పడేవాడు. ఇంట్లో గొంతు పెగలని మనిషి ఆ సీటు కోసం ఎంతటివాడితోనైనా పేచీ పెట్టుకునేవాడు. తీరా నేను ఎక్కి కూర్చున్నానో లేదో, తల నా భుజం మీద పడేసి గుర్రు. ఒక్క కబురు లేదు, ఒక్క ముచ్చట లేదు. దీనికోసమా ఊరందరితో గొడవ పడ్డావు అని రోజూ తిట్టేదాన్ని. రోజూ ఆ రుమాలు ఉతికి మడతపెట్టి జేబులో పెట్టేదాన్ని కూడా.

తర్వాత ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆసుపత్రిలో పడుకోబెట్టారు. డాక్టరు పెదవి విరిచిన సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, ఒకరితో ఒకరం అనుకోలేదు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని ఒకనాడు, నీ సీటు నువ్వే గీసి పెట్టుకో, తర్వాత నా ప్రాణం తీయకు అన్నాను. నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

"నేనెలా కూర్చుంటానో నాకేం తెలుసు? నన్ను నేనెప్పుడు చూసుకున్నాను? నువ్వు చెప్పు వాళ్ళకి," అన్నాడు.

సరే, చెబుతాలే అన్నాను. అదేం పెద్ద పని అనుకున్నాను.

ఆయన పోయి నెల తిరగకముందే సీరియల్ ఆపేస్తున్నారని తెలిసింది. చూసేవాళ్ళు తగ్గిపోయారట, చానల్ వాళ్ళు ఇక వద్దన్నారట. మిగిలింది ఒక్క భాగం. అందులో బస్సు కనిపించేది ఒక్క షాటు. ఊరి చివర రోడ్డు మీద అలా వెళ్ళిపోతుంది, అంతే. ఆ వారాంతానికి బొమ్మలన్నీ చానల్‌కు ఇచ్చేయాలి. అందులో మా ఆయన ఎక్కితే ఎక్కినట్టు, లేకపోతే ఇక ఎప్పటికీ లేనట్టే. కబురు అందగానే ఉన్నపళంగా వెళ్ళాను.

రంగులు వేసే ఆమె, ఈయన దగ్గర పని నేర్చుకున్న మనిషి, బొమ్మ అప్పటికే సిద్ధం చేసి ఉంచింది. కంప్యూటరు తెర మీద చూపించింది. కళ్ళజోడు, మీసం, ఇస్త్రీ చొక్కా, ఫోటో తీయించుకోవడానికి వచ్చినట్టు నిటారుగా కూర్చున్న ఒక పెద్దమనిషి. గుమాస్తా కావచ్చు, బ్యాంకు మేనేజరు కావచ్చు. మా ఆయన మాత్రం కాదు.

"ఈయనెవరమ్మా?" అన్నాను.

పాపం ఆమె మొహం మాడిపోయింది. ఎంత ప్రయత్నించినా పోలిక రావడం లేదు వదినా, మాస్టారు మమ్మల్ని చూసేవారే గాని ఆయన్ని మేమెవరం పట్టి చూడలేదు అని ఒప్పుకుంది. ఫోటోలు తెమ్మంది. మర్నాడు ఇంట్లో ఉన్నవన్నీ పట్టుకెళ్ళాను. సగం ఫోటోల్లో ఈయన లేడు, తీసింది ఈయనే కాబట్టి. మిగతా సగంలో ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు. ఆ పై రోజు ఆయన చొక్కా పట్టుకెళ్ళాను. అదీ పనికిరాలేదు. ఎలా కూర్చునేవారో చెప్పు వదినా, ఒక్క మాట చెప్పు చాలు అని ఆమె అడిగింది. ఇన్నేళ్ళు కాపురం చేశాను. ఆయనకు ఏ కూర ఎక్కదో తెలుసు, ఏ పక్క పన్ను పుచ్చిందో తెలుసు. ఎలా కూర్చుంటాడంటే చెప్పలేకపోయాను. ఆసుపత్రి మంచం మీద ఆయనకిచ్చిన మాట గుర్తొచ్చి, ఆ గదిలోనే తల బాదుకోవాలనిపించింది.

ఆఖరి రోజు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. ఆమెను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, పక్క కుర్చీలో నేను కూర్చుని, ఆయన నా మీద వాలినట్టే ఆమె భుజం మీద తల వాల్చాను. ఇలా, చూడు, ఇలాగే అన్నాను. మెడ ఎంత వంగాలో, చెయ్యి ఎక్కడ వేలాడాలో నా ఒంటికి తెలుసు. అలా వాలాక ఇక లేవలేకపోయాను. ఆమె చీరంతా తడిసిపోయేదాకా ఏడ్చాను. ఆమె కదలకుండా కూర్చుంది.

తర్వాత గీసింది. వంపు అచ్చంగా వచ్చింది. కానీ పక్కన భుజం లేదు కదా. ఖాళీ సీటు మీదికి ఒరిగిపోతూ, తాగి పడిపోతున్నవాడిలా ఉన్నాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి. పక్కన వేరే ఎవరినైనా పెడదామా అందామె. ఎవరిని పెడతారు? టీ ముసలాయన మీదా వాలేది?

"నన్ను గీయండి పక్కన," అన్నాను.

ఆమె భయపడి పెద్దాయన్ని పిలుచుకొచ్చింది. ఆయన వచ్చి విషయం విని, బతికున్నవాళ్ళను ఆ బస్సు ఎక్కించం చెల్లెమ్మా, ఇంకేదైనా అడుగు అన్నాడు. నేను బతిమాలాను. ఎలాగూ ఆగిపోతున్న సీరియలే కదా, ఎవరు చూస్తారు, ఎవరు అడుగుతారు అన్నాను. ఆయన అడ్డంగా తలూపుతూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు తెలియలేదు.

"నేను బతికున్నానని మీకెవరు చెప్పారు అన్నయ్యగారూ?"

ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఈ నియమం నాది కాదమ్మా, మీ ఆయనది. మా ఆవిడ పోయినప్పుడు పక్కన నన్ను కూడా గీయమని కాళ్ళావేళ్ళా పడ్డాను. గీయనన్నాడు. గీస్తే నువ్వు ఇంటికెళ్ళవు, ఈ తెర ముందే కూర్చుని ముసలివాడివైపోతావు అన్నాడు."

మరి నా గతేం కావాలి అని ఏడ్చాను. ఆయన ఆమెకు సైగ చేశాడు. ఆమె బస్సు బొమ్మను తెర నిండా పెద్దది చేసి, సంచీ వాటేసుకున్న ఆవిడ కిటికీ దగ్గర ఆపింది. పక్క సీటు ఖాళీ. ఇన్నేళ్ళూ ఖాళీ అనే అనుకున్నాను. దగ్గరగా చూస్తే సీటు మీద ఏదో గుడ్డ ముక్క ఉంది. నీలం గళ్ళు. నేను ఉతికి ఉతికి వెలిసిపోయిన రుమాలు.

పెద్దాయన దాన్నే చూస్తూ, ఇది గీసి పెట్టి, నువ్వు వచ్చేదాకా సీటు ఎక్కడికీ పోదులే, ముందు ఇంటికెళ్ళి అన్నం తిను అన్నాడమ్మా మీ ఆయన అని చెప్పాడు.

అప్పుడు తట్టింది నాకు. ఎంత మొద్దునో చూడండి. ఆయన నిద్రపోయేది నేను ఎక్కాక. ఎక్కకముందు ఆయన ఎలా కూర్చుంటాడో చూసింది బస్సులోవాళ్ళు కాదు, స్టాపులో నిలబడి నేను చూశాను, ప్రతి సాయంత్రం. బస్సు మలుపు తిరగగానే కిటికీలోంచి బయటికి సాగిన మెడ. దగ్గరి చూపు కళ్ళజోడు నుదుటి మీదికి తోసేసి ఉండేది. ఒక చెయ్యి కిటికీ ఊచ మీద, ఇంకో చెయ్యి వెనక్కి చాచి రుమాలు మీద. ఎవడైనా తీసేసి కూర్చుంటాడేమోనని అటు పట్టు, నేను కనపడతానో లేదోనని ఇటు చూపు. ఆయన సరిగ్గా కూర్చున్న పాపాన ఎప్పుడు పోయాడు?

చెప్పాను. ఆమె గీస్తుంటే చెబుతూనే ఉన్నాను. మెడ ఇంకొంచెం, చెయ్యి ఇంకా వెనక్కి, రుమాలు మీదికి, కళ్ళజోడు అంత తిన్నగా కాదు, ఒక పక్కకి. ఉన్నట్టుండి తెర మీద మా ఆయన ప్రత్యక్షమయ్యాడు. ఆమె చేతిలోది కింద పెట్టేసింది. పెద్దాయన లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నాకు మాట నిలబెట్టుకున్నానన్న సంతోషం కలగాలి కదా, కలగలేదు. భయం వేసింది. ఆయన అక్కడ ఉన్నాడు, నేను ఇక్కడ ఉన్నాను.

ఆ భాగం వచ్చిన రోజు మా అమ్మాయి, మనవరాలు మా ఇంటికి వచ్చారు. పిల్ల చాప మీద, అమ్మాయి మంచం మీద, నేను కుర్చీలో. ఎలుగుబంటి అందరికీ వీడ్కోలు చెప్పింది. కోడి ఆఖరి టికెట్టు చింపింది. తర్వాత బస్సు మలుపు తిరిగి రోడ్డు మీదికి వచ్చింది. కథల ఆయన, చప్పుళ్ళ అతను, టీ ముసలాయన, సంచీ ఆవిడ, అందరూ వరసగా వెళ్తున్నారు. చివరి కిటికీలోంచి మా ఆయన మెడ చాచి చూస్తున్నాడు. నన్నే చూస్తున్నాడు.

నేను ఎప్పుడు లేచానో తెలియదు. చెయ్యి ఎత్తాను, కొట్టు ముందు రోజూ ఎత్తినట్టే. గోడకు తగిలించిన సంచీ కూడా భుజాన వేసుకున్నానట, తర్వాత అమ్మాయి చెప్పింది. బస్సు మా ముందునుంచే వెళ్ళింది, ఆగలేదు. చిన్నదై, ఇంకా చిన్నదై, రోడ్డు చివర కలిసిపోయింది. వెంటనే సబ్బు ప్రకటన వచ్చింది. పిల్ల ఇంకా టాటా చెబుతూనే ఉంది.

మా అమ్మాయి వచ్చి నా చెయ్యి మెల్లగా కిందికి దించింది.

"కూర్చో అమ్మా," అంది.

"ఎక్కడ కూర్చోనే? నా సీటు ఆ బస్సులో వెళ్ళిపోయింది," అన్నాను.