కారం రోకలి దెబ్బ

నా చిన్నప్పుడు మా మేనత్త ఒక మనిషి చెయ్యి విరగ్గొట్టి, ఆ మనిషినే బతికించింది. సముద్రం దగ్గర ఇల్లు కట్టుకుంటున్నామనీ, వైరింగుకి తెలిసిన కుర్రాడొకడు వస్తానన్నాడనీ మీరు ఫోన్లో చెప్పిన కాణ్ణించీ ఆ రోజే నా కళ్లముందు మెదులుతోంది. అందుకే చెబుతున్నా పిల్లలూ, కాస్త ఓపిగ్గా వినండి.

మాది మార్టూరుకి అవతల, సముద్రం గాలి తగిలే పల్లె. ఇళ్లకి కరెంటు కొత్తగా వచ్చింది. మా చిన్నాన్న పొలాల్లో మోటార్లు బాగుచేసేవాడు, అందుకని ఇంటి వైరింగు కూడా తనే వేస్తానన్నాడు. మా మేనత్త ఆయనకి అక్క. మొగుడు పోయాక మా ఇంట్లోనే ఉండేది. మార్టూరులో లైసెన్సున్న మనిషి ఉన్నాడు, ఆయన్ని పిలవరా అని చెప్పింది. చిన్నాన్న నవ్వాడు. "లైసెన్సున్నోడు వేస్తే బల్బు ఎక్కువ వెలుగుతుందా అక్కా?" అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వాం.

మా వైపు పత్తి పండిస్తాం కదా, దేనికైనా దూదే. చెవికి దూది, పుండుకి దూది. చిన్నాన్న తీగలు కలిపిన చోటల్లా దూది చుట్టి, పైన గుడ్డపేలిక కట్టాడు. పొడి దూదికి కరెంటు అంటదని ఆయన లెక్క. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని అందులో లావు తీగ వేశాడు. చూరు కింద కొక్కేనికి ఇనప తీగతో దండెం కట్టి, రెండో కొస పశువుల పాక ఇనప స్తంభానికి బిగించాడు. దూది చుట్టిన అతుకు ఒకటి సరిగ్గా ఆ కొక్కెం మీదే ఉంది. అదెవరం పట్టించుకోలేదు. ఎండాకాలం, వాన లేదు, దీపాలు వెలిగాయి. ఊరంతా వచ్చి మెచ్చుకుని వెళ్లింది.

అవి ఏడాది కారం దంచుకునే రోజులు. మధ్యాహ్నం మబ్బు కమ్మి, చూస్తుండగానే గాలివాన విరుచుకుపడింది. పెంకులు కత్తుల్లా ఎగిరొచ్చాయి. ఒకటి మా అమ్మ నుదురు చీల్చింది. వాకిట్లో మునగచెట్టు మొదలంటా విరిగి గోడని కూల్చేసింది. పాకలో గేదె ఒక్క అరుపు అరిచి, కాళ్లు బిగదీసుకుని పడిపోయింది. పిడుగు పడిందనుకున్నాం. చిన్నాన్న దాని తాడు విప్పడానికి పరిగెత్తి, నీళ్లలో కాలుజారి, పడకుండా స్తంభం పట్టుకున్నాడు. అంతే, చెయ్యి వదల్లేదు. ఒళ్లంతా కొట్టుకుంటోంది. నోరు తెరుచుకునే ఉంది, మాట లేదు.

మా అమ్మ ఆయన్ని లాగబోయింది. మేనత్త అమ్మ జుట్టు పట్టి వెనక్కి విసిరేసింది. అమ్మ బురదలో బోర్లా పడింది. "ముట్టుకున్నావంటే నువ్వూ పోతావే," అంది. ఇంటి కరెంటు ఆపే మెయిన్ ఎక్కడుందో, ఎట్లా తియ్యాలో చిన్నాన్నకి తప్ప ఎవరికీ తెలీదు. కర్రతో కొడదామంటే ఇంట్లో ప్రతి కర్రా తడిసిపోయింది.

తడవనిది ఒక్కటే ఉంది, కారం రోకలి. మా ఇళ్లల్లో దానికి చుక్క నీళ్లు తగలనివ్వరు. తగిలితే ఏడాది కారం బూజు పడుతుందని. మేనత్త దాన్ని గోనెలో చుట్టి అటక మీద దాచేది. అది లాక్కొచ్చి, రెండు చేతులా ఎత్తి, తమ్ముడి ముంజేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు అంత గాలిలోనూ నాకు వినపడింది. పట్టు ఊడలేదు. "ఒరేయ్, వదలరా," అంటూ మళ్లీ కొట్టింది. అప్పుడు పడ్డాడు, చచ్చిన గేదె పక్కన. రోకలి నించి రాలిన కారం కళ్లల్లో, ముక్కులో పడి దగ్గాడు. ఆ దగ్గు విన్నాకే మేనత్త కూలబడి ఏడ్చింది. కాసేపటికి ఊరి స్తంభాలు కూలి, కరెంటు దానంతటదే పోయింది.

గాలివాన తగ్గాక, కట్టు కట్టిన చేత్తో చిన్నాన్నే మార్టూరు వెళ్లి లైసెన్సు మనిషిని తీసుకొచ్చాడు. మేనత్త గుమ్మంలోనే ఆపి, లైసెన్సు కార్డు చూపించమంది. తనకి చదువు రాదు, నాచేత చదివించుకుంది. ఆయన కోపగించుకోలేదు. "అడగడమే మంచిదమ్మా," అన్నాడు. కొక్కెం మీద దూది పిండితే నీళ్లు కారాయి. ఆ తడిలోంచే కరెంటు దండెం మీదుగా పాక స్తంభానికి పాకిందనీ, లావు తీగ వెయ్యబట్టే ఫ్యూజు పోలేదనీ చెప్పాడు. అన్నీ పీకేసి కొత్తగా వేశాడు, భూమిలోకి ఎర్తు తీగ దించాడు, దండేనికి నులకతాడు కట్టించాడు. పోయేముందు ఆడవాళ్లనీ పిల్లల్నీ పిలిచి, మెయిన్ చూపించి, ఒక్కొక్కళ్లచేతా తీయించి వేయించాడు. అందరికీ వచ్చాకే సంచీ సర్దుకున్నాడు.

మీరూ మొహమాటపడకండి. కార్డు అడగండి. అడిగితే మూతి ముడిచేవాణ్ణి గుమ్మంలోనించే పంపెయ్యండి.

చిన్నాన్న చెయ్యి వంకరగానే అతుక్కుంది. వాన వచ్చేముందల్లా సలిపేది. ఆ చెయ్యి పట్టుకుని, "అక్క కొట్టిన చోట నొప్పి పుడుతోంది, మెయిన్ తీసెయ్యండర్రా," అనేవాడు. పోయేదాకా అన్నాడు. ఇప్పుడు తూర్పున మబ్బు పడితే ఆ మాట చెప్పేవాళ్లెవరూ లేరు. నేనే లేచి వెళ్లి తీసేస్తాను. చీకట్లో కూర్చుని, రేపు మీ కొత్తింట్లో ఎవరు తీస్తారో అనుకుంటూ ఉంటాను.