ఏమీ కాలేదుగా, వదినా

మొన్న ఆదివారం డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా అమ్మాయి స్నేహితురాలి గృహప్రవేశానికి వెళ్ళాను. పులిహోరలో మిరపకాయ నషాళానికంటి కాసిని మంచినీళ్ళిమ్మంటే ఆ పిల్ల ప్లాస్టిక్ సీసా ఒకటి నా చేతిలో పెట్టింది. కొళాయి నీళ్ళు చాలమ్మా అన్నాను. "అయ్యో ఆంటీ, ట్యాప్ వాటరా! క్లోరిన్ స్మెల్ వస్తుంది, మేమసలు యూజ్ చేయం" అని నామీద జాలిపడింది. శుభమా అని ఇంట్లో అడుగుపెట్టిన రోజు కదా, నోరు మూసుకున్నాను గానీ ఒళ్ళు భగ్గుమంది. ఆ కాస్త వాసన ఉంటేనే నీళ్ళు భద్రమని చెప్పి చెప్పి ఒక జన్మంతా గొంతు అరగదీసుకున్నదాన్ని మరి.

నా ఉద్యోగమేమిటో మన తరం వాళ్ళకు కూడా ఏనాడూ సరిగ్గా అర్థం కాలేదు. టెక్సస్‌లో చిన్న చిన్న ఊళ్ళకు కారేసుకుని వెళ్ళి, అక్కడ తాగునీటి ప్లాంట్లు నడిపే ఆపరేటర్లకు క్లోరిన్ ఎంత కలపాలి, శాంపిల్ ఎలా పట్టాలి, పైపు పగిలితే ముందు ఏం చేయాలి అని పాఠాలు చెప్పేదాన్ని. నీళ్ళ పని అనగానే, మా సింక్ లీకవుతోంది ఒకసారి చూస్తారా అనడిగిన మహానుభావులున్నారు మనలో. నా శిష్యులేమో బురద బూట్లతో వచ్చి వెనక కుర్చీల్లో చేతులు కట్టుకు కూర్చుని నా యాసకు మొహం చిట్లించేవారు. ఆ నీళ్ళు తాగేది మీ పిల్లలేనయ్యా అన్నాక మాత్రం చెవులప్పగించేవారు. వాళ్ళతో నాకెప్పుడూ పేచీ రాలేదు. వచ్చిందల్లా మనవాళ్ళతోనే.

మా ఊరి బయట పశువుల బీళ్ళ పక్కన మనవాళ్ళు గుడి కట్టుకున్నారు. సిటీ నీళ్ళు అంతదూరం రావు కనుక సొంత బోరు వేయించారు. అంతమంది తాగే బోరంటే ఇక్కడ అది పబ్లిక్ వాటర్ సిస్టమే, దానికి శిక్షణ పొందిన ఆపరేటర్ ఉండి తీరాలి. ఆ బాధ్యత గుడి కమిటీలో ఉన్న మా మరిది నెత్తినేసుకున్నాడు. మా ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు, సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం, నన్ను ఇంట్లో అందరికంటే ఎక్కువ ఆటపట్టించేవాడూ అతనే. నా క్లాసులో చేరిన మొదటి రోజే అడిగిన ప్రశ్న వినండి: "వదినా, ఈ ఎగ్జామ్‌కి డంప్స్ ఎక్కడైనా దొరుకుతాయా?" పాత ప్రశ్నలూ జవాబులూ బట్టీపట్టి సర్టిఫికెట్లు కొట్టేసే అలవాటు నీళ్ళ దాకా వచ్చిందన్నమాట! దొరకవు, బుద్ధిగా చదువుకో అన్నాను. చదివాడు, క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. పరీక్షలంటే మనవాళ్ళకు భయమా ఏమన్నానా!

ఆ ఏడు స్వామివారి కల్యాణానికి ముందు వారమంతా వాన, బోరులోకి మురికి దిగే అదను. కల్యాణం రోజు గుడికి వెళ్ళి తీర్థం పుచ్చుకున్నాను కదా, క్లోరిన్ వాసన లేదు. మీకు చెబితే నవ్వుతారు, ఎక్కడ నీళ్ళు తాగినా ముందు వాసన చూడటం నాకు రోగం. కార్లో ఎప్పుడూ ఉండే పరీక్ష పెట్టె తెచ్చి, వంటింటి కొళాయి నీళ్ళు చిన్న సీసాలో పట్టి పొడి కలిపాను. క్లోరిన్ ఉంటే నీళ్ళు గులాబీ రంగులోకి తిరగాలి. తిరగలేదు. నా పక్కనే అదే కొళాయి కింద మా తోడికోడలు చంటిదానికి పాలపొడి కలుపుతోంది, ఆ పిల్ల ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది.

మరిదిని పిలిచి అడిగితే ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు. "అభిషేకానికి బ్లీచింగ్ నీళ్ళేంటని పెద్దవాళ్ళు గొడవ వదినా. వన్ డేకే కదా అని నిన్ననే క్లోరిన్ పంప్ ఆఫ్ చేశా. పైపుల్లో ఉన్నదంతా ఫ్లష్ కూడా చేశా, మీరు నేర్పినట్టే!" నేను నేర్పినట్టే! మురికి పోవడానికి నేర్పిన విద్యతో ఉన్న కాస్త మందునూ కడిగి పారబోశాడు. తల ఎక్కడ బాదుకోను?

తోడికోడలి చేతిలోంచి పాలసీసా లాక్కుని సింకులో ఒంపేశాను. కొళాయిలన్నీ కట్టేయించాను, వంట ఆపించాను, భోజనాల పంక్తిలో కూర్చున్నవాళ్ళ గ్లాసులు తీయించాను. సీసా నీళ్ళంటే గిట్టని నేనే మనిషిని పంపి పెట్టెల కొద్దీ తెప్పించాను. "అక్కా, పిల్ల ఏడుస్తోందక్కా" అని తోడికోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మైలపడ్డ నీళ్ళా అమ్మా ఇవి, దేవుడి నీళ్ళు, అని ఒక పెద్దాయన కేకలేశాడు. ఆయన చెప్పే శుద్ధి వేరు, నేను చెప్పే శుద్ధి వేరు, రెండింటికీ మాట ఒకటే కావడం నా ఖర్మ. మరిది మాత్రం కమిటీ అందరి ముందూ మొహం మాడ్చుకుని నిలబడ్డాడు.

ల్యాబ్‌కి పంపిన శాంపిల్‌లో ఏ క్రిమీ లేదని రిపోర్టు వచ్చింది. ఆ కాగితం నా ముందు పెట్టి "ఏమీ కాలేదుగా, వదినా" అన్నాడు. అంతమందిలో పరువు తీశారు అని కూడా అనలేదు. ఆపరేటర్ పని వదిలేశాడు, మా ఇంటికి రావడమూ తగ్గించాడు, తర్వాత ఉద్యోగం మారి కాలిఫోర్నియాలో శాన్ రామన్ వెళ్ళిపోయాడు. ఏమీ కాకుండా చూడటమే నా పని అని అతనికి చెప్పాలనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి.

ఇప్పుడా గుడికి సిటీ నీళ్ళు వచ్చాయి. శిక్షణంతా ఆన్‌లైనే, వీడియో మ్యూట్‌లో పెట్టి ఇంకో పని చేసుకుంటారని నా తర్వాత వచ్చినవాళ్ళు వాపోతుంటారు. నీళ్ళ గురించి పోట్లాడేవాళ్ళే లేరిప్పుడు, సీసా కొనుక్కుని ఊరుకుంటున్నారు. ఆ రోజు ఆ పాలు తాగనిస్తే ఏమయ్యేదో నాకూ తెలియదు, బహుశా ఏమీ అయ్యేది కాదు. ఆ బహుశాని నమ్మి చంటిపిల్ల నోట్లో పాలు పోయనివ్వలేకపోయాను, మళ్ళీ అయినా అదే చేస్తాను. కానీ మా ఆయన ఫోన్‌లో "ఏరా తమ్ముడూ" అన్నప్పుడల్లా, వదినకివ్వమంటాడేమోనని చేతిలో పని ఆపి నిలబడతాను. ఇవ్వమనడు.