డ్రాగన్ గెలిచిన ఆదివారం

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆటలో ఆడిన అబద్ధమే కదా అని మీరనొచ్చు. అనకండి. ఆ మాట నాకు నేనే వందసార్లు చెప్పుకున్నాను, చెప్పుకున్న ప్రతిసారీ నా మీద నాకే ఒళ్లు మండింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. బాపట్లలో డిగ్రీ చదివే మేము నలుగురం ఆదివారాలు తెనాలి పక్కన అంగలకుదురులో మా మేడగదిలో చేరి ఆడేవాళ్లం. పాచికలు వేస్తూ, ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి నడిపే కథ అది. తెనాలి నెట్ సెంటర్లో ప్రింట్ తీయించిన నియమాలు ఇంగ్లీషులో ఉండేవి. మాలో ఇంగ్లీషు మీడియం నేనొక్కడినే. కాబట్టి వాటిని తెలుగులో చెప్పేదీ, కథ నడిపేదీ, అందులో వాళ్లకు అడ్డొచ్చే డ్రాగన్‌గా మాట్లాడేదీ నేనే.

రేపల్లె నుంచి వచ్చే కరీం తన పాత్రకు తోడుగా ఒక ఆత్మను ఎంచుకున్నాడు. జ్వరంతో పోయిన వాళ్ల అక్కే ఆ ఆత్మ అన్నాడు. ఆపా అని పిలిచేవాడు. ఆమె ఎలా మాట్లాడేదో, ఎలా కసురుకునేదో నాకు చెప్పాడు, ఎందుకంటే ఆ ఆత్మ మాటలు కూడా నేనే పలకాలి. నేను ఆమెలా మాట్లాడుతుంటే వాడు తలవంచుకుని వినేవాడు.

అడిగితే ఆత్మ నిజం చెప్పి తీరాలన్నది నియమం. అందుకే డ్రాగన్ దారి కాసినప్పుడల్లా "ఆపాని అడుగుదాం" అనేవాళ్లు, అదెక్కడ పొంచి ఉందో తెలుసుకుని తప్పించుకునేవాళ్లు. నెలరోజులు కూర్చుని అల్లుకున్న నా డ్రాగన్‌కు ఎవడూ భయపడలేదు. నాకు కుళ్లు. ఇంకేం పేరు పెట్టను దానికి? ఒక ఆదివారం డ్రాగన్ చేత ఆ ఆత్మను కాల్పించేశాను.

కరీం ముఖం పాలిపోయింది. "ఆత్మని మంట కాల్చుద్దేంట్రా? రూల్స్‌లో చూడు."

పేజీ నా చేతిలోనే ఉంది. తోడు ఆత్మను ఏ డ్రాగన్ మంటా తాకదని అందులో స్పష్టంగా ఉంది.

"చూశాను. కాల్చుద్ది" అన్నాను.

"పోనీ, ఒక్క మాట మాట్లాడనీరా. ఆ రోజు నేను ఆస్పత్రికి వెళ్లేసరికే అయిపోయింది."

"బూడిదేం మాట్లాడుద్దిరా?"

మిగతా ఇద్దరూ నవ్వారు. వాడు బ్యాగు తీసుకుని రేపల్లె రైలెక్కాడు. మళ్లీ మా గదికి రాలేదు. కాలేజీలో ఎదురుపడినా నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. అసలు ఎందుకు నమ్మాడు? ఆ కాగితం లాక్కుని ఎవరి చేతైనా చదివించుకోవచ్చు కదా? చూశారా, ఇప్పటికీ తప్పు వాడి మీదకే తోసేస్తున్నాను. సిగ్గులేని బుద్ధి. వాడు ఆపాను రెండుసార్లు పోగొట్టుకున్నాడు. రెండోసారి నా వల్ల.

వాడిప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలుసు. వెళ్లి చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్నేమీ చేయలేరు. నియమం ఉంది. నేను లేదన్నాను. ఈ రెండు ముక్కలూ రాశాక గుండె కాస్త తేలికపడింది. ఆ తేలిక నాకు దక్కకూడదు, కానీ దక్కింది.