కళాసీ పేరు మీద సర్జన్ మెడ

సర్జన్‌ని దేవుడంటారు. దేవుడికి మెడనొప్పి రాదు కాబోలు, వచ్చినా చెప్పుకోడు. బరంపురం గోసాని నువాగాంలో ఒక నర్సింగ్ హోములో ఏళ్ల తరబడి కడుపులు కోస్తున్న డాక్టర్ లక్ష్మణరావూ చెప్పుకోలేదు. ఆరడుగుల మనిషి. ఆ ఏడు వానాకాలం నుంచి మెడనొప్పికి తోడు కుడి బొటనవేలు మొద్దుబారుతోంది. సూది చేతిలో ఉందో లేదో కళ్లతో చూసుకోవాల్సి వస్తోంది. సంగతి బజారుకెక్కితే పేషెంట్లు గుమ్మం తొక్కరు. వ్యాపారస్తుల ఇంట పుట్టినవాడికి ఆపాటి తెలుసు.

అందుకే మెడ ఎక్స్‌రే తీయించుకుని, దాని మీద తమ కొట్లో బస్తాలు మోసే కళాసీ ముత్యాలు పేరు రాయించాడు. ఎక్స్‌రేలు చదివే డాక్టరు, చిన్ననాటి స్నేహితుడు వైకుంఠరావుకి పట్టుకెళ్లి చూపించాడు.

వైకుంఠరావు ఫిల్ముని వెలుతురుకి పెట్టి అదిరిపడ్డాడు.

"ఓర్నాయనో! ఎముకల మధ్య సందులే లేవు. నరం నలిగిపోతంది. ఈడి సేత ఇంకా బస్తాలు మోయిస్తన్నారా? మీ సావుకార్లకి జాలన్నది లేదేటి?"

"బస్తాలు కాదు. వంగి నిలబడే పని."

"ఎంతసేపు?"

"పొద్దున్నుంచి మధ్యాన్నం దాకా."

"ఏటి, నూతిలోకి తొంగి సూత్తాడా? అలాగ నిలబెట్టినోడిని జైల్లో ఎయ్యాల!"

లక్ష్మణరావు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "ఆ మెడ నాదేరా."

వైకుంఠరావు ఫిల్ముని కిందికి దించాడు.

"ఆపరేషన్ టేబులు పైకెత్తడానికి పెడలుండదేటి?"

"ఉంది. నాకు పని నేర్పిన మా పెద్ద డాక్టరుగారు పొట్టి. ఆయన పెట్టుకున్న ఎత్తు అది. ఆయనెల్లిపోయినా ఎవరం మార్చలేదు. రోజూ ఆ టేబులుకి దణ్ణం పెట్టుకునే మొదలెడతాం. దాన్ని కాల్తో తొక్కడం..."

"గురువుని తన్నినట్టుంటాదా? నీ భక్తి తగలెయ్య! నీ సెయ్యి పడిపోతాదిరా!" వైకుంఠరావు గొంతు తగ్గించాడు. "రేపు మా వరహాలమ్మక్క ఆపరేషన్ నువ్వే కదా సెయ్యాల. వద్దురా."

ఇన్నాళ్లూ భయపడిన మాట. కోపం రావాల్సింది. కానీ తన నోట వచ్చిన జవాబుకి లక్ష్మణరావే నిర్ఘాంతపోయాడు.

"మా అక్కయితే నేనూ ఈ సేతికి అప్పగించను."

నిన్న ఇదే చేత్తో ఎర్రమ్మ అనే ఆవిడకి కుట్లేశాడు. ఆవిడా ఎవరికో అక్కే.

నర్సింగ్ హోముకి ఫోన్ చేశాడు. నర్సు కాసమ్మ ఎత్తింది.

"ఎర్రమ్మ ఎలాగుంది?"

"బాగానే ఉంది సార్, జావ తాగింది."

"రేపటి ఆపరేషన్లన్నీ ఆపీ."

"ఏటయింది సార్? అడిగినోళ్లకి ఏటి సెప్పమంటారు?"

"నా సెయ్యి బాగోలేదని సెప్పు. అందరికీ అదే సెప్పు."